చిరుగు లేని అతుకులు

కుట్టు టీచరు చేత ఏ పనైనా చేయించవచ్చు, వికారంగా మాత్రం చేయించలేం. ఈ సంగతి వాడలో పాకే పిల్లలకు కూడా తెలుసు. తెలియనిదల్లా బడి నడిపే పాస్టరు అయ్యగారికే.

బడి దళితవాడ అంచున ఉంది. ఎప్పుడో మిషన్ వాళ్లు కట్టిన పొడుగాటి పెంకుల కట్టడం. ఒక చివర ప్రార్థన గది, ఇంకో చివర కుట్టు గది, మధ్యలో ఒకటి నుంచి ఏడు దాకా క్లాసులు. మిషన్ బడుల గురించి రాసేవాళ్లలో కొందరికి అంతా దేవుడి దయగా కనిపిస్తుంది, కొందరికి అంతా మతంలో కలుపుకునే ఎత్తుగా కనిపిస్తుంది. ఆ బడి వసారాలో ఒక పూట నిలబడితే ఈ రెండింటి కన్నా గట్టిగా వినిపించేవి ఎక్కాలు. దేవుణ్ణి నమ్మినవాళ్లూ, నమ్మనివాళ్లూ, ఇంకా తేల్చుకోనివాళ్లూ పిల్లల్ని అక్కడికే పంపేవారు. కారణం సులువు. పెద్దవీధి బడిలో వాడపిల్లల చేతికి మొదట వచ్చేది పుస్తకం కాదు, చీపురు.

కుట్టు టీచరు ఆ బడిలోనే ఏడో క్లాసు చదివింది. తండ్రి చెప్పులు కుట్టేవాడు. కూతురు కూడా సూదే పట్టింది, కాకపోతే తోలు నుంచి గుడ్డకు మారింది. మనిషి సన్నం, మాట పదును. మెడలో టేపు, నోట్లో గుండుసూదులు. ఆమె నోట్లో గుండుసూదులు ఉన్నంతసేపే నోరు ఊరుకుంటుంది గనుక, ఏ కోరికైనా ఆ సమయం చూసి అడగాలన్నది బడిలో అందరూ ఎరిగిన కిటుకు.

పిల్లల యూనిఫాంలన్నీ ఆమే కుడుతుంది. కుట్టడమంటే అలా ఇలా కాదు. ప్రతి పిల్లనూ పిల్లాణ్ణీ నిలబెట్టి కొలత తీయాలి. "అందరికీ ఒకే సైజు కోసి పడేస్తే పోలా" అని ఎవరైనా అంటే ఇంతెత్తున లేస్తుంది. దానికో కథ ఉంది. తన చిన్నతనంలో వాడపిల్లలు వేసుకునేవన్నీ పెద్దవీధి ఇళ్లలో వదిలేసిన బట్టలే. ఒకసారి వాళ్లమ్మ, పని చేసే ఇంట్లో ఇచ్చిన చొక్కాను కోసి గౌను కుట్టింది. పిల్ల మురిసిపోతూ వీధిలో నడుస్తుంటే ఒక కుర్రాడు అరుగు మీంచి దూకి, "ఒరేయ్, చూడండ్రా, నా చొక్కా!" అని అరిచాడు. వాడికి కోపం కూడా లేదు పాపం, గుర్తుపట్టిన సంబరం, అంతే. ఆ పిల్ల మాత్రం ఆ గౌను మళ్లీ తొడుక్కోలేదు. పెద్దయ్యాక ఆమె కుట్టిన ఒక్క చొక్కాను కూడా ఎవడూ అరుగు మీంచి "నాది" అనలేడు. భుజం కుట్టు భుజం మీదే కూర్చుంటుంది. గౌను మడతలు కాగితం మడిచినట్టు నిలుస్తాయి. బడి విడిచాక పిల్లలు పెద్దవీధి మీదుగా వెళ్తుంటే, వీళ్లు ఫలానా చోటి పిల్లలని బట్టలు చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు.

అలాంటి మనిషి దగ్గరికి అయ్యగారు వచ్చారు. సమయం బాగానే చూసుకున్నారు. ఆమె నోటి నిండా గుండుసూదులు.

"మిషన్ కమిటీ పెద్దావిడ వచ్చే వారం వస్తున్నారమ్మా. ఎనిమిదో క్లాసు సంగతి ఈసారి తేల్చేస్తారట."

కుట్టుమిషన్ తొక్కుతున్న పాదం టక్కున ఆగింది.

ఎందుకు ఆగదు? ఏడో క్లాసుతో బడి అయిపోతుంది. ఆ తర్వాత మగపిల్లలు పెద్దవీధి బడికి వెళ్లి, తిట్లు తిని, కొందరు తట్టుకుంటారు, కొందరు పారిపోయి వస్తారు. ఆడపిల్లల్ని అసలు పంపరు. ఏడు అయిందంటే ఎవరింట్లోనో అంట్లకో, పిల్లల్ని ఎత్తుకోవడానికో కుదురుస్తారు. ఈసారి ఏడో క్లాసులో ఉన్నది ఆమె చెల్లెలి కూతురు. ఇంట్లో అందరూ దాన్ని ప్లీడరు అంటారు. అన్నం ముద్దకి కూడా వాదించకుండా నోరు తెరవని రకం. చెల్లెలు ఆస్పత్రిలో ఊడ్చే పని చేస్తుంది. ఆమె అప్పటికే ఒక ఇంట్లో మాట ఇచ్చేసింది, బడి సెలవులు కాగానే పిల్ల అక్కడ పసిబిడ్డను ఎత్తుకోవడానికి వెళ్తుందని.

"అయితే ఒక చిక్కుంది," అన్నారు అయ్యగారు. "మన పిల్లలు మరీ నీటుగా ఉన్నారు."

కుట్టు టీచరు గుండుసూదులు ఒక్కొక్కటే తీసి దిండులో గుచ్చింది. ఆ తీయడం చూసి అయ్యగారు అరడుగు వెనక్కి జరిగారు.

"నీటుగా ఉంటే చిక్కేంటి అయ్యగారూ?"

"దాతలకు ఫొటోలు పంపాలట. చూడగానే వాళ్ల మనసు కరగాలి. మన పిల్లల్ని చూస్తే, వీళ్లే మనకి చందా ఇచ్చేలా ఉన్నారే అనుకుంటారు."

"కడుపు నిండా తిని, ఒంటి నిండా కట్టుకుంటే అదీ తప్పేనా?"

"తప్పని ఎవరన్నారమ్మా? నష్టం అంటున్నా. అవతలి బడి వాళ్లు పిల్లల్ని ఎలా నిలబెట్టారో తెలుసా? చూస్తే రాయి కూడా ఏడుస్తుంది. వాళ్లకి రెండు గదులొచ్చాయి." ఆయన గొంతు తగ్గించారు. "కాస్త అక్కడక్కడ అతుకులు వేయి. మోకాళ్ల దగ్గర, మోచేతుల దగ్గర."

"చిరగని గుడ్డకి అతుకా?"

"చిరిగినట్టు."

పేదరికానికి కూడా ఒక యూనిఫాం ఉందని, దాన్ని తానే కుట్టాల్సి వస్తుందని అప్పటిదాకా ఆమెకు తెలియదు. అయ్యగారు చెడ్డవారు కారు. వర్షం వస్తే పిల్లల్ని తన గొడుగులో ఇళ్లకు దింపే మనిషి. దీనంగా కనిపిస్తే తప్ప ఎవరూ ఏమీ ఇవ్వరన్నది ఆయన జీవితంలో నేర్చుకున్న పాఠం, పాపం ఆ పాఠం ఆయనకు ఎవరో బాగానే నేర్పారు. ఆమె టేపు చుట్టడం చూసి ఆయన మెల్లగా జారుకున్నారు.

ఆ సాయంత్రం చెల్లెలు గుమ్మంలోనే మొదలుపెట్టింది.

"అక్కా, ఆ ఇంటివాళ్లు మళ్లీ అడిగారు. పిల్లకి రెండు గౌన్లు కుట్టి పెట్టు, అక్కడికి వేసుకెళ్లడానికి."

"నేను వెళ్లను," అంది ప్లీడరు లోపల్నుంచి. "నాకు పసిపిల్లలంటే పడదు. వాళ్లు చెప్పింది వినరు."

"నువ్వు వింటావా పెద్ద?"

"నేను విని, ఆ తర్వాత కాదంటాను. వాళ్లు అసలు వినరు."

కుట్టు టీచరు నవ్వింది. ఈ నోరు ఎవరింట్లోనో ఉయ్యాల పక్కన మూసుకుని కూర్చోవడం ఊహించుకుంది. మర్నాడు తెల్లవారగానే అయ్యగారి గుమ్మంలో నిలబడింది.

"ఎనిమిదో క్లాసు వస్తుందంటే నా ముక్కు మీదైనా అతుకేస్తాను. పిల్లల బట్టలు పంపించండి."

సెలవురోజు కుట్టు గది కిటికీ కింద బట్టల గుట్ట పోసుకుని కూర్చుంది. పక్కన మూటలో గుడ్డముక్కలు. సాయానికి ప్లీడరు. మొదటి అతుకు నిజంగానే మోటుగా వేసింది. నల్ల దారం, పెద్ద పెద్ద కుట్లు, అంచులు మడవకుండా. వేసి, చెయ్యి చాచి దూరంగా పెట్టి చూసింది. "పీచు లేచిపోతుందే, రెండు ఉతుకులకి ఊడుతుంది" అని విప్పేసి, అంచు మడిచి మళ్లీ కుట్టింది. అంచు మడిచాక నల్ల దారం బాగోలేదు, రంగు కలిపింది. రంగు కుదిరాక చదరం కన్నా గుండ్రం నయమనిపించింది. గుండ్రం అయ్యాక చుట్టూ నాలుగు కిరణాలు పెడితే పోయేదేముంది అనిపించింది. ఎండ తలుపు దాటేసరికి గుట్టలో సూర్యుడు, చంద్రుడు, ఆకు, గొడుగు, చేప.

అబద్ధం చెప్పాలనే కూర్చుంది, చెయ్యి ఒప్పుకోలేదు. పైగా తాను బాగా అణుచుకునే కుట్టానని ఆమె నిజంగా నమ్మింది.

"చూడు, ఎంత దీనంగా ఉందో," అంది ఒక నిక్కరు మోకాలు చూపించి.

"పెద్దమ్మా, అది దీనంగా లేదు. అది చేప."

"చేపే. దీనంగా ఉన్న చేప."

"నవ్వుతోంది."

"నోరు అలా తిరిగింది, కుట్టు అక్కడ మళ్లింది. నీకెందుకు, నువ్వు గుండీలు చూడు."

బట్టలు పిల్లలకు ఇచ్చిన రోజు బడిలో పాఠాలు సాగలేదు. నీది ఏంటి, నాది ఏంటి అని అందరూ మోకాళ్లు పైకెత్తి కుంటుతూ తిరిగారు. అతుకు దక్కనివాళ్లకు ఏడుపు. మూడో క్లాసులో ఇద్దరు మగపిల్లలు నిక్కర్లను గోడకేసి రుద్దుతూ దొరికిపోయారు. ఎందుకురా అంటే "చిరిగితే మాకూ పిట్టను వేస్తారు కదా" అన్నారు. అదీ చాలనట్టు తల్లులు. పెద్దవాళ్లు వస్తున్నారు, ఫొటో తీస్తారట అన్న మాట చెవిన పడితే వాడలో ఏ తల్లి నలిగిన బట్టతో పిల్లను పంపుతుంది? గంజి పెట్టారు. ఇస్త్రీ చేశారు. తలకు నూనె రాసి, దువ్వి, పక్క పాపిట తీసి, మొహం మెరిసేదాకా తోమారు. దీనత్వం అనేది బడి గేటు దాటి లోపలికి రావడానికి ఎక్కడా సందు లేకుండా పోయింది.

ఆ ఉదయం వరుసలో నిలబడ్డ పిల్లల్ని చూసి అయ్యగారు కుట్టు టీచరును స్తంభం చాటుకు పిలిచారు.

"అతుకులు వేయమంటే తోట వేశావేంటమ్మా!"

"అయ్యగారూ, ఒట్టు, నేను తగ్గించే వేశాను."

"తగ్గించా? ఆ పిల్లాడి మోచేతి మీద నెమలి ఉంది!"

"నెమలి కాదండీ. కోడి. తోక కాస్త ఎక్కువైంది."

అప్పటికే బండి గేటు ముందు ఆగింది. కమిటీ పెద్దావిడ దిగారు. లెక్కల టీచరుగా చేసి రిటైరైన మనిషి, కళ్లజోడు పైనుంచి చూసే అలవాటు. వెంట ఫొటోగ్రాఫరు. అతను వరసను చూసి కాసేపు మెడ గోక్కున్నాడు.

"పిల్లలూ, కొంచెం దిగులుగా చూడండి."

"దిగులుగా అంటే ఎలా సార్?"

"ఏదైనా బాధగా ఉండేది తలుచుకో."

"ఏది సార్?"

"లెక్కల పరీక్ష తలుచుకోరా," అంది వెనకనుంచి ఒక పిల్ల. వరస వరసంతా పగలబడి నవ్వింది. ఫొటోగ్రాఫరు కూడా నవ్వాడు. కమిటీ పెద్దావిడ నవ్వలేదు. జన్మంతా లెక్కలు చెప్పిన మనిషి మరి.

ఆమె నెమ్మదిగా వరస వెంట నడుస్తూ ప్లీడరు దగ్గర ఆగారు. దాని గౌను చేతి మీద పసుపుపచ్చ పువ్వు. పెద్దావిడ ఆ పువ్వును వేలితో తడిమి, గౌను చేతి అంచు తిప్పి లోపలివైపు చూశారు. తర్వాత వంగి పక్క పిల్లాడి నిక్కరు అంచు తిప్పి చూశారు. ఇంకొకడిది. మూడోది చూశాక నిలబడి కళ్లజోడు తీశారు.

"వీటి కింద చిరుగు లేదే."

అయ్యగారి మొహం గోడకు వేసిన సున్నంలో కలిసిపోయింది.

"చిరుగు లేకుండా అతుకెందుకు వేశారు? ఎవరు కుట్టారు ఇవి?"

ఎనిమిదో క్లాసు కళ్ల ముందే గేటు దాటి వెళ్లిపోతున్నట్టనిపించింది కుట్టు టీచరుకు. దాక్కుందామంటే స్తంభం సన్నం. ముందుకొచ్చింది.

"నేనేనండీ. చిరుగు ఉంటే బాగుండేది, లేదు. నేను కుట్టిన బట్ట అంత తొందరగా చిరగదు."

"మరి?"

"పిల్లలు మరీ శుభ్రంగా ఉన్నారండీ. శుభ్రంగా ఉంటే మీవాళ్లు ఏమీ ఇవ్వరట కదా. అందుకని పేదగా కుడదామనుకున్నా. చేతకాలేదు."

అయ్యగారు గొంతు సవరించుకున్నారు. తప్పు ఆవిడ మీదికి పోనివ్వకూడదని ఆయనకు ఆ క్షణంలో తట్టింది, అది ఆయన గొప్పే. "నేనే చెప్పానమ్మా. ఆవిడ వద్దనే అంది. ఫొటోల్లో అవసరం కనపడాలని పోయిన ఏడు మన కమిటీ మీటింగులోనే అన్నారు. మీరు కూడా ఉన్నారు."

పెద్దావిడ కళ్లజోడు మళ్లీ పెట్టుకున్నారు. ఆమె బుగ్గల మీద కాస్త ఎరుపు. ఆ మీటింగు ఆమెకు బాగానే గుర్తుంది.

"అన్నాం," అన్నారు. "తల ఊపినవాళ్లలో నేనూ ఉన్నా." పువ్వు దగ్గరికే తిరిగి వచ్చి, ప్లీడరును అడిగారు. "సరే, అతుకుల సంగతి అలా ఉంచు. నీకేం కావాలి?"

"ఎనిమిదో క్లాసండీ."

"ఎనిమిది చదివి?"

"తొమ్మిది చదువుతానండీ."

"తొమ్మిది చదివి?"

"పదండీ. ఇలా ఒక్కొక్కటే అడిగే బదులు ఒకేసారి ఇచ్చేయొచ్చు కదండీ, మీకూ ప్రయాణం తగ్గుతుంది."

అప్పుడు నవ్వారు లెక్కల టీచరు. గట్టిగా, పొట్ట పట్టుకుని. "అయ్యగారూ, ఈ పిల్లను పేదగా చూపించాలనుకున్నారా మీరు? నోరు చూసుకోవద్దూ ముందు?" నవ్వు తగ్గాక వేలు ఎత్తారు. "చెప్తున్నా వినండి. టీచరును నేను పంపగలను, జీతం కమిటీ ఇస్తుంది, ఆ మాట నాది. గది కట్టడానికి మాత్రం మా దగ్గర ఏమీ లేదు. జూన్‌కి గది చూపిస్తే జూన్‌లోనే క్లాసు."

అయ్యగారు తన కట్టడాన్ని మొదటిసారి చూస్తున్నట్టు ఆ చివర నుంచి ఈ చివరకు చూశారు. ప్రార్థన గదిలో అప్పటికే రెండు క్లాసులు కూర్చుంటున్నాయి. ఆయన ఆఫీసు అనేది ఒక బీరువా, దాని వెనక ఒక కుర్చీ. మిగిలింది ఒక్కటే. కిటికీల గది, నున్నటి గచ్చు, పొద్దస్తమానం వెలుతురు. ఆయన దాని పేరు ఎత్తలేదు. ఎత్తనక్కర్లేదు కూడా, అందరి కళ్లూ అటే తిరిగాయి.

కుట్టు టీచరు ఆ చూపులన్నీ చూసింది. ఆ గదిలో ఆమె మిషన్ కాళ్లు పెట్టిన చోట గచ్చు నొక్కుకుపోయి ఉంది. పెళ్లయి, భర్త పోయి, ఒంటరిగా మిగిలిన రోజుల్లో కూడా తెల్లారితే వెళ్లడానికి తనకంటూ ఉన్న చోటు అది. త్యాగం గురించి అయ్యగారు ఎన్ని ప్రసంగాలు చేశారో లెక్కలేదు, ఆ పూట వాటిలో ఒక్కటీ ఆమెకు గుర్తు రాలేదు. గుర్తొచ్చిందల్లా వసారా వానకు తడుస్తుందన్నది.

"వసారాకి రేకు వేయించాలి," అంది చివరికి.

"అమ్మా..." అన్నారు అయ్యగారు, రెండు చేతులూ జోడించి.

"ఇప్పుడు ప్రార్థన మొదలుపెట్టకండి. రేకు వేయించాలి, పక్కన తడిక కట్టించాలి. నా మిషన్ వసారాలోకి మోసేటప్పుడు మీరు కూడా ఒక పక్క పట్టాలి. ఈ అతుకుల బుద్ధి పుట్టింది మీకే కదా."

"రెండు పక్కలా పడతానమ్మా!"

రెండు పక్కలా పట్టలేకపోయారు గాని, ఒక పక్క పట్టింది నిజమే. మర్నాడు నడుం పట్టేసి ప్రసంగం కూర్చునే చేశారు. వాడంతా చెవులు కొరుక్కుని నవ్వింది.

ఫొటో కూడా వెళ్లింది. వరస వరసంతా నోళ్లు తెరుచుకుని నవ్వుతున్న ఫొటోనే. దాన్ని చూసి దూరాన ఉన్న దాతల మనసులు కరిగాయో లేదో ఎవరూ తిరిగి చెప్పలేదు, ఇక్కడ ఎవరూ అడగలేదు.

జూన్‌లో టీచరు వచ్చింది. పడుచుపిల్ల, కొత్త చెప్పులు, గట్టి గొంతు. పూర్వపు కుట్టు గదిలో ఏడో క్లాసు దాటిన ఆడపిల్లలంతా కూర్చున్నారు. పోయిన ఏడాది మానేసి పనిలో కుదిరిన ఇద్దరు కూడా వెనక్కి వచ్చారు. చెల్లెలు ఆస్పత్రి నుంచి అటే వచ్చి, చీపురు తడిక్కి ఆనించి, అక్క పక్కన నేల మీద చతికిలబడింది.

"వాళ్లకి రానని చెప్పేశానక్కా."

"ఏమన్నారు?"

"ఎనిమిదో క్లాసు చదివి ఏం చేస్తుందే అని ఆ అమ్మగారు అడిగింది. ఏం చెప్పాలో తోచలా. తొమ్మిదో క్లాసు చదువుద్దండీ అన్నా."

ఇద్దరూ రేకు కింద కూర్చుని కళ్లనీళ్లు వచ్చేలా నవ్వుకున్నారు.

వసారాలో పని బాగానే సాగుతుందనుకుంది కుట్టు టీచరు. సాగలేదు. కిటికీ అవతల పాఠం మొదలైతే పాదం దానంతట అదే ఆగిపోయేది. ఒక కుట్టు వేయడం, ఒక మాట వినడం. ఏడో క్లాసు తర్వాత ఏముంటుందో ఆమెకు ఎవరూ చెప్పలేదు మరి. ఎవరి రవికలూ వేళకు అందక జనం గొణుగుతున్నారు. "జాకెట్టు ఎప్పుడిస్తావ్?" అంటే, "ఉండమ్మా, ఇప్పుడే లెక్కలో తెలియని సంఖ్యని పట్టుకోబోతున్నారు" అని నోటి మీద వేలు పెట్టేది.

ఒక రోజు టీచరు బోర్డు మీద లెక్క వేసి అడిగింది. క్లాసంతా నిశ్శబ్దం. ప్లీడరు కూడా నోరు మెదపలేదు. ఆ నిశ్శబ్దంలోకి కిటికీ అవతలి నుంచి ఒక గొంతు, గుండుసూదుల్లేకుండా, గట్టిగా వచ్చింది.

"పద్నాలుగు!"

టీచరు తిరిగి చూసింది. కిటికీ ఊచల మధ్య మెడలో టేపుతో ఒక మొహం.

"కాదమ్మా," అంది టీచరు, నవ్వు ఆపుకుంటూ. "తొమ్మిది."

క్లాసు గొల్లుమంది. అందరికన్నా గట్టిగా నవ్వింది కుట్టు టీచరే.

"పెద్దమ్మా! తప్పు చెప్పినా పర్లేదు గానీ," అరిచింది ప్లీడరు, "చెయ్యెత్తి చెప్పాలి!"

మర్నాడు పాఠం మధ్యలో కిటికీ అవతల, వేళ్ల సందున దారం ఎక్కించిన సూదితో, ఒక చెయ్యి నిటారుగా లేచింది. టీచరు పిలిచింది. జవాబు ఈసారీ తప్పే.